తిరుపతి ఎండకు తగ్గ ఇంజిన్: 46 సైజు ట్రైనర్ విమానానికి 55 బిగించిన అనుభవం

రేడియో కంట్రోల్ విమానానికి ఇంజిన్ కొనేటప్పుడు చాలామంది మొదట చూసేది హార్స్‌పవర్. తిరుపతి, చిత్తూరు వైపు ఎగరేసేవాళ్లు దానికంటే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఆ ఇంజిన్ తాగే ఇంధనం ఏడాది పొడుగునా మనకు దొరుకుతుందా? ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటిన ఎండలో అది సీజ్ కాకుండా నడుస్తుందా? ఈ రెండింటికీ జవాబు దొరికాకే నా ట్రైనర్‌కి (ఎగరేయడం నేర్చుకునే విమానానికి) ఇంజిన్ ఎంచుకున్నాను. చేసిన మార్పులన్నీ ఆ ఎంపిక వెంట వచ్చినవే.

విమానం మామూలు హై వింగ్ (రెక్క పైన ఉండే) ట్రైనర్. రెక్కల పొడవు 1.6 మీటర్లు, బల్సా, ప్లైవుడ్ కట్టుబడి, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు బరువు రెండున్నర కేజీలు. 40 నుంచి 46 సైజు గ్లో ఇంజిన్ (స్పార్క్‌కి బదులు గ్లో ప్లగ్‌లోని వేడి తీగతో ఇంధనం అంటుకునే ఇంజిన్) కోసం డిజైన్ చేసింది. 46 అంటే 0.46 ఘనపు అంగుళాలు, సుమారు 7.5 సీసీ.

ముందు ఎండ లెక్క చూద్దాం. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. 40 డిగ్రీల వేడిలో ఇక్కడి గాలి, ప్రామాణిక వాతావరణంలో 1,100 మీటర్ల ఎత్తున ఉండేంత పలచగా ఉంటుంది. డిసెంబరు ఉదయం 18 డిగ్రీలున్నప్పటితో పోలిస్తే మే మధ్యాహ్నం గాలి సాంద్రత ఏడెనిమిది శాతం తక్కువ. ఇంజిన్ పవర్ దాదాపు అంతే పడిపోతుంది. ప్రొపెల్లర్ లాగే బలం తగ్గుతుంది, రెక్కకు లిఫ్ట్ (పైకెత్తే బలం) కూడా తగ్గుతుంది, దాంతో టేకాఫ్ పరుగు పెరుగుతుంది. చిత్తూరు దీనికంటే ఎత్తు, మదనపల్లె ఇంకా ఎత్తు, సుమారు 700 మీటర్లు. అక్కడ చల్లగా ఉన్నా ఎత్తు వల్ల పవర్ కొంత పోతుంది.

రెండోది ఇంధనం. గ్లో ఇంజిన్‌కి కావాల్సినవి మిథనాల్, నూనె, వీలైతే కొంచెం నైట్రోమీథేన్. బయటి దేశాల్లో 10, 15 శాతం నైట్రో కలిపిన డబ్బాలు దుకాణాల్లో దొరుకుతాయి. మన దగ్గర నైట్రో చిల్లరగా దొరకదనుకునే ప్లాన్ చేసుకోవాలి. నైట్రో తనలోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది కాబట్టి పవర్ పెంచుతుంది, ఐడిల్‌ని (థ్రాటిల్ తగ్గించినప్పటి నెమ్మది పరుగుని) నిలకడగా ఉంచుతుంది. అది లేకపోతే ఈ రెండూ కొంత తగ్గుతాయి. నేను వాడేది సున్నా నైట్రో: 80 పాళ్లు మిథనాల్, 20 పాళ్లు ఆముదం. ఐదు లీటర్లు కలపాలంటే నాలుగు లీటర్లు మిథనాల్, ఒక లీటరు ఆముదం. పోటీ విమానాలకు అంతర్జాతీయంగా వాడే ప్రామాణిక మిశ్రమం ఇదే.

ఇక్కడ చాలామంది బోల్తా పడేది ఆముదం దగ్గరే. మన పల్లెల్లో గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి తీసే వంటాముదం ఇంజిన్‌కి పనికిరాదు. అందులో తేమ ఉంటుంది, జిగురు ఉంటుంది. ఆ జిగురు వేడికి పిస్టన్ మీద, లైనర్ (పిస్టన్ కదిలే గొట్టం) మీద గోధుమరంగు వార్నిష్‌లా పట్టుకుంటుంది, రెండు మూడు లీటర్లు తాగేసరికి ఇంజిన్ బిగుసుకుంటుంది. వేడి చేయకుండా పిండి, జిగురు తీసేసిన మెడికల్ గ్రేడ్ ఆముదమే కావాలి. మిథనాల్‌తో కలిపి సీసాలో ఒక రోజు కదపకుండా ఉంచండి. అడుగున మడ్డి గానీ, మసక గానీ కనిపిస్తే ఆ ఆముదం వద్దు. మంచిదైతే మిశ్రమం లేత పసుపులో స్వచ్ఛంగా కనిపిస్తుంది.

మిథనాల్ విషం. దాని అమ్మకంపై నియంత్రణ ఉంది కాబట్టి లైసెన్సున్న రసాయనాల వ్యాపారి దగ్గరే, బిల్లుతోనే తీసుకోవాలి. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, అందుకని కలిపేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని ఆరుబయట కలపాలి. పట్టపగలు దాని మంట కంటికి కనపడదు. విమానం మీద ఇంధనం ఒలికితే తుడిచేశాకే గ్లో క్లిప్ (స్టార్ట్ చేసేటప్పుడు ప్లగ్‌కి కరెంటు ఇచ్చే క్లిప్) పెట్టాలి. డబ్బా మూత వదులుగా ఉంటే మిథనాల్ గాలిలోని తేమని లాక్కుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు ఎక్కువ కాబట్టి, సగం ఖాళీ అయిన డబ్బా నుంచి చిన్న సీసాల్లోకి, మూతిదాకా నింపి పెట్టుకోవడం మేలు.

ఇంధనం సంగతి తేలితే ఇంజిన్ ఎంపిక సగం తేలినట్టే.

ఎలక్ట్రిక్ మోటార్ గురించి ముందు చూశాను. ట్రైనర్‌కి కేజీకి 220 వాట్లు, కాస్త విన్యాసాలు చేయాలంటే 330 వాట్లు అనేది అందరూ వాడే లెక్క. 2.6 కేజీలకి 900 వాట్ల మోటార్ సరిపోతుంది: 4ఎస్ లిపో (నాలుగు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ), 700 కేవీ (వోల్టుకు 700 ఆర్‌పీఎం) చుట్టుపక్కల మోటార్, 13 అంగుళాల ప్రాప్ (ప్రొపెల్లర్), 65 ఆంపియర్ల దాకా కరెంటు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేనూ ఇదే చెప్తాను. అయితే పొద్దుటి పూటంతా ఎగరేయాలంటే మూడు నాలుగు ప్యాకులు కావాలి. ఎండలో ఆపిన కారులో లిపోలు ఉబ్బిపోతాయి. వాడి దింపిన ప్యాకు చేతికి చురుక్కుమనేంత వేడిగా ఉంటే చల్లారేదాకా ఛార్జి పెట్టకూడదు, మే నెలలో అది చల్లారడానికే చాలాసేపు పడుతుంది.

పెట్రోల్ ఇంజిన్ ఆశ అందరికీ ఉంటుంది, బంకులో దొరుకుతుంది కదా అని. డీఎల్ఈ 20 అనే 20 సీసీ పెట్రోల్ ఇంజిన్ తీసుకుంటే ఇంజిన్ 650 గ్రాములు, ఇగ్నిషన్ 120, మఫ్లర్ 50, దానిపై ఇగ్నిషన్ బ్యాటరీ. రెండున్నర కేజీల విమానం ముక్కు మీద ఇంత బరువు పెట్టలేం. నాలుగున్నర కేజీలు దాటిన విమానానికైతే అది చక్కటి ఇంజిన్. అక్కడా రెండు జాగ్రత్తలున్నాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, అది కార్బ్యురేటర్ డయాఫ్రమ్‌ని గట్టిపరుస్తుంది. ఎగరేసిన రోజే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ ఆగేదాకా నడిపి లైన్లు ఎండబెట్టాలి. గ్లోకి వాడే సిలికాన్ గొట్టం పెట్రోలులో ఉబ్బి జారిపోతుంది. పెట్రోలుకి దాన్ని తట్టుకునే టైగాన్ గొట్టమే.

ఉన్న 46 గ్లో ఇంజిన్‌నే పెట్రోలుకి మార్చుకుంటే పోలేదా అని తరచూ అడుగుతుంటారు. నేను వద్దంటాను. మిథనాల్‌కి గాలి, ఇంధనం నిష్పత్తి సుమారు 6.5:1, పెట్రోలుకి 14.7:1. అంటే అదే గాలికి సగం కంటే తక్కువ ఇంధనం చాలు. గ్లో కార్బ్యురేటర్ నీడిల్ (ఇంధన ప్రవాహాన్ని సరిచేసే మర) అంత తక్కువ ప్రవాహం దగ్గర వెంట్రుకవాసి తిప్పినా మిశ్రమం రిచ్ (ఇంధనం ఎక్కువ) నుంచి లీన్‌కి (ఇంధనం తక్కువకి) దూకుతుంది. పైగా మిథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోలుకు మూడింతల వేడిని లాగేసుకుని ఇంజిన్‌ని లోపలి నుంచే చల్లబరుస్తుంది. మన ఎండలో ఆ చల్లదనాన్ని చేతులారా వదులుకోవడం ఎందుకు? ఫోర్‌స్ట్రోక్ శబ్దం నాకూ ఇష్టమే, కానీ నైట్రో లేకుండా దాని ఐడిల్ నమ్మకంగా నిలబెట్టడం కష్టం.

చివరికి మిగిలింది టూస్ట్రోక్ గ్లో. ఓఎస్ కంపెనీ 46ఏఎక్స్ ఈ విమానానికి సరిగ్గా అమరుతుంది: బోర్ 22, స్ట్రోక్ 19.6 మి.మీ. నేను తీసుకున్నది దాని పక్కనే ఉండే 55ఏఎక్స్: బోర్ 23, స్ట్రోక్ 21.5, మొత్తం 8.93 సీసీ. బయటి కొలతలు, మౌంట్ రంధ్రాలు 46వే. బరువు తేడా 30 గ్రాముల లోపే. నైట్రో లేక పోయిన పవర్, ఎండకు పోయిన పవర్, రెండూ ఆ ఒకటిన్నర సీసీ తెచ్చిపెడుతుంది. వేగం కోసం పెద్ద ఇంజిన్ పెట్టడం వేరు, లోటు పూడ్చుకోవడానికి పెట్టడం వేరు. ట్రైనర్‌కి రెండోదే సమంజసం.

పెద్ద ఇంజిన్‌కి పెద్ద ప్రాప్ కావాలి. 46కి 11×6 (11 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్, అంటే ఒక చుట్టుకి ముందుకు పోయే దూరం) వాడతాం, 55కి 12×6 పెట్టాను. 11×8 కూడా తిరుగుతుంది కానీ ట్రైనర్‌కి అది తప్పు ఎంపిక. 11,000 ఆర్‌పీఎం దగ్గర 6 అంగుళాల పిచ్ ఇచ్చే వేగం గంటకు 100 కి.మీ., 8 అంగుళాలైతే 134. ఈ మందపాటి రెక్క అంత వేగానికి పోదు, పోయినా దిగేటప్పుడు తేలుతూ పోయి రన్‌వే దాటేస్తుంది. వ్యాసం ఎక్కువ, పిచ్ తక్కువ ఉన్న ప్రాప్ గరుకు నేల మీద త్వరగా లాగుతుంది. వ్యాసం ఒక అంగుళం పెరిగితే ప్రాప్ కొన నేలకు 12.7 మి.మీ. దగ్గరవుతుంది. మనం ఎగరేసేది ఎండిన చెరువుల్లో, వేరుశనగ కోసేసిన చేలల్లో. అందుకని 65 మి.మీ. చక్రాలు తీసి 75 మి.మీ. వేశాను, ముందు చక్రం కడ్డీని కొంచెం కిందికి దించాను. ముక్కు సమంగా ఉన్నప్పుడు ప్రాప్ కొనకు, నేలకు మధ్య 5 సెంటీమీటర్లు ఉండాలి.

ఫైర్‌వాల్ (ఇంజిన్ వెనకుండే ప్లైవుడ్ గోడ) దగ్గర చేసిన పని అన్నింటికంటే ముఖ్యం. పాత 40 మౌంట్ (ఇంజిన్‌ని పట్టి ఉంచే బ్రాకెట్) తీసి, గ్లాస్ నైలాన్ 46 మౌంట్ వేశాను. మౌంట్‌ని ఫైర్‌వాల్‌కి ఎం4 బోల్టులు, వెనక చెక్కలో దిగే టీ నట్లతో బిగించాను. ఇంజిన్‌ని మౌంట్‌కి ఎం4 బోల్టులు, అదురుకి వదులవని నైలాక్ నట్లతో బిగించాను. స్వయంగా దారి చేసుకునే స్క్రూలు నైలాన్‌లో కొన్నాళ్లకి వదులవుతాయి. ఫైర్‌వాల్ ప్లైకి, ట్యాంకు గదికి 30 నిమిషాల ఎపాక్సీని హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి పల్చగా పూశాను. వేడికి అది నీళ్లలా పారి చెక్కలోకి ఇంకుతుంది. మామూలు ఎనామిల్ వేస్తే మిథనాల్ దాన్ని లేపేస్తుంది, ఆ తర్వాత నూనె చెక్కలోకి దిగితే ఇక ఏ జిగురూ పట్టదు.

పవర్ పెరిగితే ఇంజిన్ కోణం కూడా చూడాలి. హై వింగ్ విమానం ఫుల్ థ్రాటిల్‌లో ముక్కు పైకెత్తుతుంది. దానికి డౌన్ థ్రస్ట్ ఇవ్వాలి, అంటే ఇంజిన్‌ని కొంచెం కిందికి చూసేలా పెట్టాలి. మౌంట్ పై బోల్టుకి, కింది బోల్టుకి మధ్య 50 మి.మీ. ఉంటే, పై రెండు బోల్టుల దగ్గర ఫైర్‌వాల్‌కి, మౌంట్‌కి మధ్య 1.75 మి.మీ. వాషర్లు పెడితే 2 డిగ్రీలు వస్తుంది. రైట్ థ్రస్ట్ (ఇంజిన్ కుడికి చూసే కోణం) 2 డిగ్రీలకి ఇదే లెక్క, వాషర్లు పైలట్ వైపు నుంచి చూస్తే ఎడమ పక్కన. ఫైర్‌వాల్ నుంచి స్పిన్నర్ (ప్రాప్ మధ్యనుండే టోపీ) దాకా 120 మి.మీ. ఉంటే 2 డిగ్రీలకు స్పిన్నర్ 4 మి.మీ. కుడికి జరుగుతుంది. అందుకని మౌంట్‌ని ముందే 4 మి.మీ. ఎడమకి జరిపి రంధ్రాలు వేయాలి. గాల్లో పరీక్ష సులువు: సగం థ్రాటిల్‌లో ట్రిమ్ చేసి, ఒక్కసారి ఫుల్ ఇవ్వండి. ముక్కు నిదానంగా లేస్తే సరే, నిట్టనిలువుగా లేస్తే ఇంకో డిగ్రీ డౌన్ కావాలి.

బరువు కేంద్రానికి సీసం ముక్కలు అక్కర్లేదు. ముక్కు మీద పెరిగిన 30 గ్రాములు, బరువు కేంద్రం నుంచి 25 సెం.మీ. దూరం: గుణిస్తే 750. వంద గ్రాముల రిసీవర్ బ్యాటరీని ఏడున్నర సెంటీమీటర్లు వెనక్కి జరిపితే సరిపోయింది. బరువు కేంద్రం రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి 28, 30 శాతం దగ్గర ఉండాలి, అదీ ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు చూడాలి.

ట్యాంకు 260 నుంచి 300 మి.లీ.కి మార్చాను. ఈ ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో నిమిషానికి 30 మి.లీ. దాకా తాగుతుంది, ట్రాన్స్‌మిటర్ టైమర్ 9 నిమిషాలకి పెట్టాను. ట్యాంకు మధ్యరేఖ కార్బ్యురేటర్ నీడిల్ ఎత్తులోనో, ఒక సెంటీమీటరు లోపు కిందో ఉండాలి. ఎక్కువ ఎత్తులో ఉంటే ఇంజిన్ ఆగినప్పుడు ఇంధనం దానంతటదే కారి సిలిండర్ నిండుతుంది. అలాంటప్పుడు స్టార్టర్ పెడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ట్యాంకు చుట్టూ స్పాంజి చుట్టకపోతే అదురుకి ఇంధనం నురగెత్తి, ఇంజిన్ మధ్యమధ్యలో లీన్ అవుతుంది. లోపల బరువు కట్టిన గొట్టం వెనక గోడకి 5 మి.మీ. దూరంలో స్వేచ్ఛగా కదలాలి. వడపోతని ఇంజిన్ లైన్లో కాక, నింపే సీసా గొట్టానికి పెట్టాను. చెరువు మట్టి అంతా అక్కడే ఆగుతుంది.

మఫ్లర్ లోపలి అడ్డు పలక తీసేస్తే ఆర్‌పీఎం పెరుగుతుందని చెప్తారు, పెరుగుతుంది కూడా. కానీ ట్యాంకుకి ఇంధనం తోసే ఒత్తిడి మఫ్లర్ నుంచే వస్తుంది. పలక తీస్తే ఆ ఒత్తిడి పడిపోయి మిశ్రమం లీన్ అవుతుంది, నీడిల్ మళ్లీ తెరవాలి. శబ్దానికి చుట్టుపక్కల చేలల్లో పశువులు బెదురుతాయి. ఆ పలక జోలికి పోకండి.

ఇక రన్నింగ్, అంటే కొత్త ఇంజిన్‌ని మొదట మెల్లగా అలవాటు చేయడం. ఈ ఇంజిన్‌లో పిస్టన్‌కి రింగు లేదు, లైనర్ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు చేత్తో తిప్పితే పైన కిర్రుమని పట్టేస్తుంది, అది లోపం కాదు. వేడెక్కాకే లైనర్ వ్యాకోచించి పిస్టన్‌కి సరిపడా చోటిస్తుంది. అందుకే ఇలాంటి ఇంజిన్‌ని గంటలకొద్దీ అతి రిచ్‌గా, చల్లగా నడిపితే బిగుతు అరిగి కంప్రెషన్ పోతుంది. మొదటి ట్యాంకుల్లో ప్రాప్ 11×6 పెట్టి, నీడిల్ రెండున్నర మలుపులు తెరిచి స్టార్ట్ చేసి, ఫుల్ థ్రాటిల్‌లో కొన్ని సెకండ్లు లీన్ వైపు తెచ్చి, మళ్లీ రిచ్‌కి తెస్తూ వేడెక్కించాలి, చల్లార్చాలి. మొదటి వేడి చల్లారాక హెడ్, మఫ్లర్ బోల్టులు మళ్లీ బిగించాలి. ప్లగ్ ఓఎస్ 8 నంబరు, సున్నా నైట్రోలోనూ ఐడిల్ నిలబెట్టింది.

నీడిల్ పెట్టడానికి చెవి కంటే టాకోమీటర్ (ఆర్‌పీఎం కొలిచే మీటర్) మేలు. టాకోమీటర్ సరిగ్గా ఉందో లేదో పాత రకం ట్యూబ్‌లైట్ కింద చూసుకోవచ్చు: రెండు బ్లేడ్ల సెట్టింగులో 3,000 చూపించాలి, మన కరెంటు 50 సైకిళ్లు కాబట్టి. ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం పెరగడం ఆగిన చోటు నుంచి నీడిల్ తెరుస్తూ 300, 400 తగ్గించాలి. ఎండాకాలం నేను 500 తగ్గిస్తాను. ఇంధన గొట్టాన్ని వేళ్లతో క్షణం నొక్కి వదిలితే ఆర్‌పీఎం కాస్త పెరిగి తిరిగి రావాలి. నొక్కగానే పడిపోతే అప్పటికే లీన్. తర్వాత విమానాన్ని గట్టిగా పట్టుకుని ముక్కు నిలువుగా పైకెత్తి పది సెకండ్లు ఉంచాలి, శబ్దం తగ్గిపోకూడదు. ఇది చేసేటప్పుడు ప్రాప్‌కి ముందు గానీ, పక్కన గానీ ఎవరూ ఉండకూడదు.

మన ఊళ్లో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఎండలో సరిగ్గా పెట్టిన నీడిల్ చలికాలం ఉదయానికి లీన్ అవుతుంది, ఎందుకంటే చల్లగాలి చిక్కన, అందులో ఆక్సిజన్ ఎక్కువ. వేసవిలో ఇంజిన్ కాలిపోతుందని అందరూ భయపడతారు గానీ, డిసెంబరులో పాత నీడిల్‌తోనే ఎగరేసి లీన్ అయి గాల్లో ఆగిపోయే ఇంజిన్లే ఎక్కువ. ఆ రోజు మొదటి ఫ్లైట్‌కి ముందు రెండు క్లిక్కులు తెరిచి మొదలుపెట్టాలి.

ఎగరేసే చోటు విషయంలో డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కి.మీ. దాకా అనుమతి లేకుండా ఎగరేయకూడదు, 8 నుంచి 12 కి.మీ. మధ్య అనుమతి లేకుండా 200 అడుగుల దాకానే. రేణిగుంట వైపు అందుకే వద్దు. తిరుమల కొండ, శేషాచలం అడవి అంచులు అసలే వద్దు. చంద్రగిరి దాటి పాకాల వైపు వెళ్తే ఖాళీ నేలలున్నాయి, రైతుని అడిగి, డిజిటల్ స్కై మ్యాపు (ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాపు) చూసుకుని వాడుకోవాలి. రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్‌ని (సిగ్నల్ తెగినప్పుడు పనిచేసే సెట్టింగుని) థ్రాటిల్ మూసుకునేలా పెట్టి, తోక ఒకరు పట్టుకోగా ట్రాన్స్‌మిటర్ ఆపి చూశాకే మొదటి ఫ్లైట్.

రోజు ముగిశాక గొట్టం పీకేసి, ఇంజిన్ ఎండిపోయి ఆగేదాకా నడపాలి. ప్లగ్ తీసి నాలుగు చుక్కలు, కార్బ్యురేటర్‌లో నాలుగు చుక్కలు ఆఫ్టర్ రన్ ఆయిల్ (తుప్పు పట్టకుండా కాపాడే నూనె) వేసి ప్రాప్‌ని చేత్తో పది చుట్లు తిప్పాలి. మిగిలిన మిథనాల్ తేమని లాగితే ముందు తుప్పు పట్టేది వెనక బేరింగు. ఇంజిన్ తిప్పితే గరగరమంటే అదే. హెడ్ మీద గోధుమరంగు ఆముదం మాడు పేరుకుంటే, ఇంజిన్ విప్పి, రబ్బరు భాగాలు తీసి, లోహపు భాగాలని వేడి కూలెంట్‌లో కొన్ని గంటలు నానబెడితే ఊడొస్తుంది. కూలెంట్ విషం, ఆ గిన్నెని మళ్లీ వంటింట్లోకి తేకూడదు.